పాలు పొంగక ముందు

ఇంటికి బీమా చేసే మనిషి కోసం తిరిగి తిరిగి కుట్టుపని చేసుకునే ప్రేమలకు కాళ్లరిగిపోయాయి. రెండువేల నాలుగు నాటికి బాన్సువాడలో బీమా ఏజెంటు లేని గల్లీ లేదు. కానీ అందరూ ప్రాణాలకు కట్టించేవాళ్లే. ఇంటికి అనేసరికి నవ్వేవాళ్లు. సిమెంటు బిల్డింగు కాలుతదా అని ఒకడు, ముందు నీ పేరు మీద కట్టరాదా అని ఇంకొకడు. నిజామాబాదులో కంపెనీ ఆఫీసుకు పోతే, మీ ఊళ్లోనే మా ఏజెంటు ఉంటాడు, ఆయన వచ్చి ఇల్లు చూడాలని తిప్పి పంపారు. ఆ పేరేదో చెప్పి చావొచ్చు కదా! చెప్పలేదు.

ఆమె తపన ఊరికే కాదు. మొగుడు వదిలేసి పోయిన నాటి నుంచి కుట్టుమిషను తొక్కి తొక్కి, ఊళ్లో కొత్తగా లేచిన అపార్టుమెంటులో ఒక ఫ్లాటు కొనుక్కుంది. కిరాయి ఇళ్లలో పడరాని మాటలు పడ్డ మనిషి. ఆ ఫ్లాటు పోతే ఆమెకు ఇంకేమీ లేదు.

చివరికి బస్టాండు వెనక ట్రాక్టర్లకు బీమా చేసే జలాలుద్దీన్ దొరికాడు. ఇళ్లకూ చేస్తానన్నాడు. వచ్చి గదులన్నీ చూసి, అక్కడికక్కడే సంతకం పెట్టమన్నాడు.

అక్క రోజారాణి అడ్డుపడింది. తల్లి పోయాక ప్రేమలను పెంచింది ఆమే. గృహప్రవేశం పనులకని రుద్రూర్ నుంచి వచ్చి ఉంది.

"పాలు పొంగియ్యక ముందే ఇల్లు కాలే ముచ్చటేందే? పండుగ కానియ్యి, తెల్లారి పెట్టు సంతకం" అంది.

కీడెంచి మేలెంచమన్నదీ పెద్దలే, శుభం పలకరా మంకెన్నా అన్నదీ పెద్దలే. ఏ మాట ఎప్పుడు వినాలో మాత్రం చెప్పి పోలేదు మహానుభావులు. ప్రేమల ఏనాడూ అక్క మాట జవదాటలేదు. గృహప్రవేశం అయ్యాక రమ్మని జలాలుద్దీన్‌ను పంపేసింది.

గృహప్రవేశం రోజు కొత్త స్టవ్వు మీద పాలు నిండుగా పొంగాయి. పొంగి మంట మీద పడ్డాయి. అందరూ సంబరంగా ముందు గదిలో పూజకు కూర్చున్నారు. మంట ఆరిపోయిందనీ, గ్యాసు వస్తూనే ఉందనీ ఎవరూ చూసుకోలేదు. సాంబ్రాణి పొగలో వాసనా తెలియలేదు. పూజయ్యాక పొయ్యికి హారతి ఇద్దామని రోజారాణి పళ్లెం పట్టుకుని వంటింట్లో అడుగుపెట్టింది. గుప్పున అంటుకుంది. ఆమెను లాగి అందరూ బయటపడ్డారో లేదో, సిలిండరు పేలి ఇల్లంతా బుగ్గిపాలైంది.

నిజామాబాదు దవాఖానలో డాక్టరు ప్రేమలను పక్కకు పిలిచి, ఆశ పెట్టుకోవద్దన్నాడు. లోపల రోజారాణి నొప్పి గురించి ఒక్క మాట అనడం లేదు. నా నోట్లె మన్నుపడ, నీ ఇల్లు నేనే తీసిన గదా అని ఒకటే కలవరింత. ఆ బాధ చూడలేక ప్రేమల అబద్ధమాడింది.

"లేదక్కా. నీకు చెప్పకుండ ఆ రోజే సంతకం పెట్టిన. కంపెనోళ్లు ఇస్తరు."

రోజారాణి నమ్మలేదు. నా మాట కాదని నువ్వు ఏనాడు చేసినవే అంది.

అంతలో పలకరించడానికి జలాలుద్దీన్ వచ్చాడు. చెల్లె సంతకం పెట్టింది నిజమేనా అని రోజారాణి అతన్నే అడిగింది. బీమా విషయంలో చిన్న అబద్ధం రాయమన్నా రైతులతో కొట్లాడే మనిషి అతను. ప్రేమల ముఖం చూశాడు.

"ఔనక్కా, పెట్టింది. నీకు చెప్పొద్దన్నది" అన్నాడు.

"నా మాట కాదన్నవానే పోరీ" అంది రోజారాణి. ఊపిరి కూడదీసుకుని, "మంచిపని చేసినవ్" అంది.

సాయంత్రానికి ఆమె పోయింది. జలాలుద్దీన్ వరండాలో కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ప్రేమల అక్క చేయి తాకుదామంటే కట్లే తప్ప చేయి కనిపించలేదు. ఆ ఒక్కసారి నిజంగానే నీ మాట కాదని ఉంటే ఎంత బాగుండేదక్కా అనుకుంది. కన్నతల్లిలాంటి మనిషి శవం ముందు కూర్చుని కూడా ఇల్లు గుర్తొచ్చినందుకు తల బాదుకుని ఏడ్చింది.