తొమ్మిది నిమిషాలు, పైన చిల్లర

ఆవిడ మొగుడికి ఇంట్లో ఎవరి మీదా నమ్మకం లేదు, గడియారం మీద తప్ప. దాని మీదా పూర్తి నమ్మకం లేకే కాబోలు, తొమ్మిది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకునేవాడు. పది పెడితే మనసు లెక్కగట్టి తీసేస్తుందట. తొమ్మిదైతే తికమకపడి పరుగెత్తుతుందట. చేతి వాచీకీ అదే వైద్యం. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడకి ఒక్క బస్సూ తప్పిపోలేదు. బస్టాపు బల్లలు మాత్రం దగ్గర చుట్టాలైపోయాయి.

ఇలాంటి మనిషికి బిస్కెట్ల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం. గేటు దగ్గర వేలు పెడితే హాజరు వేసే మిషన్ ఉంది. దానికి టైం చెప్పేది సర్వర్ గదిలోని పెద్ద కంప్యూటర్. ఆ పెద్ద కంప్యూటర్ కూడా సొంత తెలివికి పోకుండా, నెట్‌వర్క్‌లో ఎక్కడో ఉన్న కచ్చితమైన గడియారాన్ని అడిగి తెలుసుకోవాలి.

ఆ ఆదివారం పొద్దున్నే ఆయన భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచాడు. ఎదురుగా కూర్చుని ఆవిడ బీన్స్‌కి ఈనెలు తీస్తోంది.

"గేటు దగ్గర కొత్త కెమెరాలు పెట్టారు. మనిషి లోపలికొచ్చినట్టు కెమెరా చూపించే టైం ఒకటి, హాజరులో పడే టైం ఒకటి. మేనేజరు నిన్న నన్ను పట్టుకున్నాడు."

"ఏది తప్పంటారు?"

"కెమెరాయే. నిన్నగాక మొన్నొచ్చింది, దానికేం తెలుసు?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఆ హాజరు మీదే కదా వదినగారి పదవి ఊడింది.

వదినగారంటే ఆయన సొంత అక్క. అదే ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు ప్యాకింగ్ సెక్షన్‌ని నడిపించిన మనిషి. మిగతావాళ్ళంతా కంపెనీ బస్సులో ఎనిమిదిన్నరకే దిగేవారు. ఈవిడొక్కతే నడిచి, తొమ్మిదింటి షిఫ్టుకి ఐదు నిమిషాల ముందు గేటు దాటేది. కిందటేడు ఒకే నెలలో పదకొండు రోజులు లేటు పడింది.

"నా ఫోన్లో ఎనిమిది యాభై ఐదు చూసుకునే వచ్చానండీ," అందావిడ మేనేజరు ముందు.

మేనేజరు ఆవిడ తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు కాలర్ సర్దుకుని, "ఫోన్లో టైం ఎవరికి నచ్చినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు సార్. మిషన్‌కి చుట్టాలుండరు," అన్నాడు.

సొంత అక్కనైనా వదల్లేదని ఫ్యాక్టరీలో అందరూ మెచ్చుకున్నారు. ఆయన ఆ మెప్పుని ఇంటికి మోసుకొచ్చి భార్యకి చూపించాడు. "మీ వాచీ జబ్బు దానికీ అంటుకుందేమో చూడండి," అందావిడ. ఆయన పళ్ళెం ముందునించి లేచిపోయాడు. సరదాకన్నానని చెప్పి ఆవిడ ఊరుకుంది. నిజంగా సరదాకే అందా అంటే, కాదు. మొగుడి మొహం చూసి మాటని నవ్వులోకి తిప్పేసుకుంది. ఆ తర్వాత వదిన గురించి తలుచుకున్నప్పుడల్లా ముందు ఆ నవ్వే గుర్తొచ్చేది.

"ఏమంటోంది మీ సర్వరు?" అని అడిగింది ఇప్పుడు.

"టైం ఎక్కణ్ణించి తెచ్చుకుంటున్నావంటే, తన సొంత గడియారం నుంచేనట."

"ఇంకెవరినీ అడగదన్నమాట. ఎవరి పెంపకమో తెలుస్తూనే ఉంది."

ఆయన నవ్వలేదు. టైం తెచ్చే సర్వీసుని ఆపి మళ్ళీ మొదలెట్టాడు. లాభం లేదు. ఒక బయటి గడియారం పేరు తీసేసి ఇంకోదాని పేరు ఇచ్చాడు. అదీ ఉలకలేదు, పలకలేదు.

"అడుగుతూనే ఉంది. జవాబే రావట్లేదు."

"అడిగిన మాట అసలు గడప దాటుతోందా?"

ఆవిడ ఫిజిక్స్ పట్టా పెళ్ళయ్యాక కుక్కర్ కూతలు లెక్కపెట్టడానికే పనికొచ్చింది. ఇవాళ కాస్త దుమ్ము దులుపుకుంది. ఆయన వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. వచ్చేపోయే మాటలకి కాపలా కాసే ఫైర్‌వాల్ తెరిచి చూశాడు. టైం రాకపోకలకి ఒక తలుపు ఉంటుంది, నూట ఇరవై మూడో నంబరు. అది మూసి ఉంది.

"ఎవరు మూశారు?"

"నేనే. కిందటేడు కొత్త ఫైర్‌వాల్ పెట్టినప్పుడు అక్కర్లేనివన్నీ మూసేశాను."

తలుపు తెరిచాడు. నిమిషం తిరక్కుండానే జవాబొచ్చింది. సర్వరు ఐదు వందల అరవై మూడు సెకన్లు ముందుందట.

ఆవిడ నోటితోనే భాగించింది. "తొమ్మిది నిమిషాలు, పైన చిల్లర."

ఆయన ఆ అంకెని మళ్ళీ చదువుకున్నాడు.

"అది అంత ముందుకెలా పోయింది?"

"ఫైర్‌వాల్ పెట్టిన వారానికే కరెంటు పోయి సర్వర్ ఆరిపోయింది. లేచేసరికి ఏదో పాత తేదీ చూపిస్తోంది. టైం చేత్తో పెట్టాను."

"ఎందులో చూసి?"

ఆయన ఎడమ చెయ్యి మెల్లగా బల్ల కిందికి జారింది. ఆ చిల్లరేదో మిషన్‌ది. తొమ్మిదీ ఆయనవే.

కుడిచేత్తోనే రెండు మీటలు నొక్కి, "సరిచేసేశాను. రేపు మేనేజరుకి సాంకేతిక లోపమని రాసిస్తాను," అన్నాడు.

"వదినకేం రాసిస్తారు?" అంటూ ఆవిడ చెప్పులేసుకుంది. ఆయన వెనకే బయల్దేరాడు.

వదిన ఇల్లు మూడు వీధుల అవతల, మొదటి అంతస్తు. తలుపు తీసి, పక్కకి జరిగిందే గానీ రమ్మనలేదు. ఈయన నిలబడే మొదలెట్టాడు. ఫైర్‌వాలూ, తలుపు నంబరూ, కరెంటూ అన్నీ వచ్చాయి ఆ కథలో, తను తప్ప. పక్కింటి రేడియో విన్నట్టు వింది వదిన.

"మళ్ళీ తీసుకోమని మేనేజరుతో మాట్లాడతానక్కా."

"ఆ సెక్షన్ ఇంకొకరిది ఇప్పుడు. వాళ్ళని లేపి నేను కూర్చోనా?"

ఇంక ఆగలేక భార్యే అంది: "వదినా, నాకా రోజే అనుమానం వచ్చింది. జోకేసి ఊరుకున్నాను."

"నీ మీద నాకేం లేదమ్మా. కూర్చో." తమ్ముడి వైపు తిరిగింది. "సెక్షన్ తీసేశాక, పని మానేసేముందు మూడు నెలలు ప్యాకింగ్ లైన్లో నిలబడ్డాను. ఒక్కరోజు లేటు పడిందిరా?"

"లేదక్కా."

పడలేదు. చూశావా, తలుచుకుంటే రాగలదని అప్పుడు ఆయన ఇంట్లో అననే అన్నాడు.

"పది నిమిషాలు ముందు బయల్దేరేదాన్ని. నా ఫోనునే నమ్మడం మానేశాను. ఆ పది నిమిషాలూ అంతకుముందు మీ బావకి గడ్డం గీసేదాన్ని. మంచాన పడ్డాక ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. సాయంత్రం నేనొచ్చేసరికి మందుల మత్తులో ఉండేవాడు. ఆయన పోయిన రోజు నువ్వొచ్చి, ఆ గడ్డమేంటక్కా అలా వదిలేశావు అన్నావు. గుర్తుందా?"

ఆయనకి గుర్తుంది.

"ఆ మిషన్..." అని ఆగాడు. అక్క ఎదురుచూసింది. భార్య కూడా ఈసారి నవ్వుగా ఏమీ అందించలేదు.

"నువ్వు టైముకే వచ్చావక్కా. రోజూ. తప్పు నాది."