లేపగలిగే బండి

ఖమ్మంలోని షోరూంలో అడుగు పెట్టినప్పటి నుంచి సేల్స్‌మన్ రాజేష్ హెప్సిబా వైపు చూడనేలేదు. బండి ఎవరికని అడిగితే "నాకే" అని ఆమె గట్టిగానే చెప్పింది. అయినా మైలేజీ గురించీ గేర్ల గురించీ అతను చెప్పేదంతా పక్కనున్న ఆమె అన్న స్తెఫనుకే చెబుతున్నాడు. గ్రానైటు కంపెనీలో లెక్కలు రాసుకునే స్తెఫను, అన్నీ తెలిసినవాడిలా తలూపుతున్నాడు.

హెప్సిబా చర్ల అవతల ఒక పల్లె దవాఖానాలో నర్సు. దాని కింద ఏడు ఊళ్లున్నాయి. తారురోడ్డు రెండు ఊళ్ల దాకానే. ఆపైన ఎర్రమట్టి, రాళ్లు, రెండు చోట్ల వాగు ఇసుక. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న స్కూటీ ఒక్క వానాకాలానికే అడుగు పగిలి మూలకు చేరింది. అప్పటి నుంచి ఆశా కార్యకర్త జంపక్క భర్త దూలయ్య తన పాత బండి మీద ఆమెను ఊళ్లకు దింపుతున్నాడు. మంచి మనిషే, ఎన్నడూ విసుక్కోలేదు. కానీ అతనికి చేను పని ఉన్న రోజు ఆమె కదలడానికి లేదు. పసిపిల్లల టీకాల తేదీలు దూలయ్య తీరికను బట్టి పెట్టుకోవాల్సి రావడం ఆమెకు తలకొట్టేసినట్టుండేది.

మూడు నెలలు ఫోన్లో వీడియోలు చూసి నాలుగు వందల సీసీ అడ్వెంచర్ బండి కావాలని తేల్చుకుంది. ఎత్తుగా, పెద్ద ముందు చక్రంతో, రాళ్ల మీద ఎగిరినా తట్టుకునే బండి. ఆ వీడియోల్లో నడిపేవాళ్లంతా ఆరడుగుల మగవాళ్లన్న సంగతి ఆమె పట్టించుకోలేదు.

"ఒకసారి కూసుంటా," అంది.

"కూసోండి మేడమ్. సార్, మీరు జర అటు పక్క పట్టుకోండి."

బండి నిటారుగా నిలబెడితే ఆమె కాలివేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. స్తెఫను పకపకా నవ్వాడు. "బండితోని నిచ్చెన గిట్ల ఇస్తరా?" అని రాజేష్‌ని అడిగాడు. రాజేష్ కూడా నవ్వాడు.

నడిపి చూస్తానంటే గేరు బండి లైసెన్సు ఉండాలన్నారు. ఆమెకున్నది స్కూటరు లైసెన్సు. ఆ రోజుకు అంతే.

తర్వాత ఆరు వారాలు శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఖమ్మం రావడం, ఆదివారం ప్రార్థన అయ్యాక కాలేజీ గ్రౌండులో అన్న బండి మీద నేర్చుకోవడం. "క్లచ్ మెల్లగ ఇడువమంటే గట్లనా ఇడుసుడు?" అని స్తెఫను గ్రౌండంతా వినపడేలా అరిచేవాడు. అరిచిన కొద్దీ బండి ఆగిపోయేది. పక్కన క్రికెట్ ఆడేవాళ్లు ఆట ఆపి చూసేవాళ్లు. మొత్తానికి లైసెన్సు చేతికొచ్చింది.

మళ్లీ షోరూంకి వెళ్లింది. ఈసారి బండి ఇచ్చారు. బైపాసు రోడ్డు మీద రెండు కిలోమీటర్లు బ్రహ్మాండంగా నడిపింది. మూడో గేరులో గాలి ముఖానికి కొడుతుంటే ఇన్నాళ్ల విసుగంతా కాసేపు మర్చిపోయింది. వెనక్కి తిప్పుకోవడానికి రోడ్డు వారగా ఆపి ఎడమ కాలు కింద పెట్టబోయింది. అక్కడ నేల పల్లంగా ఉంది. కాలికి ఏమీ అందలేదు. బండి నెమ్మదిగా, ఆపుదామన్నా ఆగకుండా, పక్కకు ఒరిగి పడిపోయింది.

దెబ్బ తగల్లేదు. లేచి హ్యాండిల్ పట్టుకుని లాగింది. బండి అంగుళం కదల్లేదు. మళ్లీ లాగింది. వెనకాలే ఒకే బండి మీద వస్తున్న స్తెఫను, రాజేష్ దిగి, చెరో పక్కా పట్టి లేపారు.

"చూసినవా? నేను మొదటి సంది చెప్తలేనా, స్కూటీ తీసుకో అని?" అన్నాడు స్తెఫను.

"మళ్ల పండబెట్టున్రి," అంది హెప్సిబా.

"ఏంది?"

"బండిని పండబెట్టున్రి. నేను లేపుతా."

రాజేష్ మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "షోరూం బండి మేడమ్. ఇప్పటికే గీతలు పడ్డయి," అన్నాడు.

చర్ల బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కోపం అన్న మీదా, బండి మీదా, తన మీదా. ఆడపిల్లకెందుకీ బండి అన్నది స్తెఫను వాదన. అది తప్పేనని ఆమెకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ అడవిలో ఆ బండి పడితే లేపడానికి ఎవరుంటారు? ఆ ప్రశ్నకు మూడు నెలల వీడియోల్లో ఎవరూ జవాబు చెప్పలేదు.

మర్నాడు జంపక్క సంగతంతా విని దూలయ్యను పిలిచింది. అతను తన పాత బండిని దవాఖానా ముందు మట్టిలో పండబెట్టి, "లేపు మేడమ్," అన్నాడు. ఆమె వంగి లాగింది.

"చేతులతోని కాదు. నడుము పోతది. బండికి ఈపు పెట్టు. ఓ చెయ్యి హ్యాండిల్‌కు, ఓ చెయ్యి ఎనక కమ్మీకి. కాళ్లతోని ఎనక్కి తొయ్యి."

నాలుగోసారికి బండి లేచింది. జంపక్క చప్పట్లు కొట్టింది.

"నువ్వు కొంటనంటున్న బండి దీనికి ఎంత బరువు ఎక్కువ?" అడిగాడు దూలయ్య.

"రెండింతలకు జర తక్కువ."

"గట్లయితే వాగుల బండి మీద, నువ్వు కింద," అన్నాడతను, వెటకారం లేకుండానే.

పెద్ద బండి మీద మనసు చంపుకోవడానికి ఆమెకు ఇంకో పది రోజులు పట్టింది. చివరికి కొత్తగూడెంలో మరో షోరూంకి ఒక్కతే వెళ్లింది. రెండు వందల సీసీది, అదే పోలికలో సన్నగా ఉన్న బండి దగ్గర నిలబడి, "దీన్ని కింద పండబెట్టి లేపి చూడాలె," అంది. సేల్స్‌వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. మేనేజరు కళావతి మాత్రం లోపల్నుంచి రెండు గోనె సంచులు తెప్పించి నేల మీద పరిపించింది. "మా దగ్గర ఇట్ల ఎవ్వరూ అడగలే. కానియ్యండి," అంది.

రెండోసారికి లేపింది. ఆ బండే కొని, సీటులో స్పాంజి కోయించి ఎత్తు తగ్గించుకుంది. అయినా మడమలు పూర్తిగా ఆనవు.

"ఆఖరికి చిన్న బండే కొన్నవు గదా? నేను ముందే చెప్పిన," అన్నాడు ఫోన్లో స్తెఫను.

"నువ్వు చెప్పింది స్కూటీ," అని ఫోన్ పెట్టేసింది.

కొత్త బండి మీద వెళ్లిన మొదటి టీకాల రోజు రెండో వాగు దగ్గర ముందు చక్రం ఇసుకలో దిగబడి, బండి పడింది. చుట్టూ ఎవరూ లేరు. మొదటిసారి తోస్తే కాళ్లే ఇసుకలో కూరుకుపోయాయి. ఒడ్డు నుంచి రెండు పలక రాళ్లు మోసుకొచ్చి, వాటి మీద కాళ్లు ఆనించి మళ్లీ తోసింది. కాలు జారి కూలబడింది. ఏడుపొచ్చింది. మూడోసారికి బండి లేచింది. టీకాల పెట్టె తెరిచి చూస్తే ఐసు కరగలేదు.

ఊరు చేరేసరికి పదకొండు దాటింది. అంగన్‌వాడీ అరుగు మీద తల్లులు పిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నారు.

"పొద్దుటి సంది చూస్తన్నం సిస్టరమ్మా," అందొక ముసలామె. "బండి కొన్నవన్నరు. ఇంకా ఆలస్యమేనా?"

హెప్సిబా టీకాల పెట్టె అరుగు మీద దింపింది. మోచేతుల దాకా అంటిన ఇసుక కడుక్కుని, మొదటి బిడ్డ కార్డు అడిగింది.