మా బావగారి శాంపిల్

ఆ ల్యాబ్‌కు రిబ్బన్ కత్తిరించింది మంత్రి. గోడల మీది బొమ్మల్లో నవ్వింది సినిమా హీరో. నడిపింది పేరుమోసిన కంపెనీ. మూడేళ్లపాటు జనం ఇచ్చిన రక్తాన్ని సీసా మూతైనా తీయకుండా పారబోసి, తోచిన అంకెలు వేసి రిపోర్టులు ఇచ్చారని బయటపడ్డాక మంత్రి, "నేను కత్తెర పట్టుకున్నాను, అంతే" అన్నాడు. హీరో, "నవ్వమన్నారు, నవ్వాను" అన్నాడు. కంపెనీ వాళ్లు తేలు కుట్టిన దొంగల్లా నోరు మెదపలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా, నా వాటాకు మాత్రం తట్టెడు వచ్చింది.

ఎందుకంటే నాదీ ల్యాబే. రెండు గదులు, ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్, రక్తం పరీక్షించే చిన్న మెషీన్. పద్నాలుగేళ్లుగా అదే వీధి మలుపులో ఉన్నాను. నాకు పని నేర్పిన పెద్దాయన రెండే నియమాలు పెట్టారు. కంటితో చూడని శాంపిల్ మీద సంతకం పెట్టకూడదు. తీసిన రక్తంలో సగం వారం రోజులు ఫ్రిజ్‌లో దాచాలి. ఎవరికైనా అనుమానం వస్తే ఆ సగం చేతికిచ్చి, "ఇంకోచోట చూపించుకోండి" అనగలగాలి. ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. నేను వారం వారం పారేస్తూనే ఉన్నాను.

గొడవ బయటపడ్డాక జనం అందరినీ ఒకే గాటన కట్టేశారు. ఒకావిడ, "నిజంగా పరీక్ష చేస్తారా, లేక రాసిచ్చేస్తారా?" అని నవ్వుతూ అడిగింది. అడిగినందుకు కాదు, ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. ఇంకొకాయన తన రక్తం మెషీన్లోకి వెళ్లేదాకా నా భుజం పక్కనుంచి కదల్లేదు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు మరి. అసలు బాధ అదీ కాదు. నా మీద నాకే అనుమానం పట్టుకుంది. నా మెషీన్ అబద్ధం చెబుతోందేమో, నాకే తెలియడం లేదేమో అని ప్రతి శాంపిల్‌నూ రెండుసార్లు, మూడుసార్లు వేసి చూసేదాన్ని. చివరికి పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో కూడా మా ఆయన్ని అడగడం మొదలుపెట్టాను.

అప్పుడొచ్చింది మా బావగారి వ్యవహారం. ఆయన మా ఆయనకు అన్నగారు, బస్సు డ్రైవరు. ఏటేటా డిపోలో అందరికీ ఆ పెద్ద ల్యాబ్‌లోనే పరీక్షలు చేయించేవారు. మూడేళ్లు వరసగా "కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి" అని కాగితం ఇచ్చారు. ఇప్పుడు కాళ్లు వాచి బూట్లు పట్టడం లేదు, ముఖం ఉబ్బింది, మధ్యాహ్నానికల్లా నీరసం. డాక్టరు చూసి, కిడ్నీల మీద అనుమానంగా ఉంది, వెంటనే పరీక్షలు చేయించండి అని చీటీ రాశారు. ఆ చీటీ పదిరోజులుగా ఆయన చొక్కా జేబులోనే మూలుగుతోంది.

మా తోటికోడలు నా దగ్గరకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నువ్వైనా చెప్పవే. నేను చెబితే గోడకు చెప్పినట్టే ఉంది."

వెళ్లాను. బావగారు మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. చీలమండలు కనిపించడమే లేదు.

"నీ మీద కోపం లేదమ్మా. మూడేళ్లు బాగుందన్నారు, నమ్మాను. ఇప్పుడు నువ్వు బాగాలేదంటే నమ్మాలా, బాగుందంటే నమ్మాలా?"

"వాళ్లూ నేనూ ఒకటేనా బావగారూ?"

"వాళ్లూ తెల్లకోటే వేసుకున్నారు కదమ్మా."

దారంతా ఏడుస్తూ వచ్చాను.

మూడో రోజు మా తోటికోడలు ముఖం వెలిగిపోతూ వచ్చింది. చేతిసంచిలోంచి మూత్రం శాంపిల్ సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఒప్పుకున్నారే! రక్తం తర్వాత ఇస్తారట. ముందిది చూడమన్నారు."

రంగులు మారే కాగితం ముంచి చూశాను. ప్రొటీన్ లేదు. చక్కెర లేదు. కిడ్నీ చెడితే ముందు కనబడేది ఆ ప్రొటీనే. ప్రాణం లేచొచ్చినట్టయింది. అప్పటికప్పుడు బాగుందని రాసేయొచ్చు. కానీ నియమం నియమమే కదా, ఒక బొట్టు గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఒక్క కణం లేదు. ఉన్నవన్నీ ఆకు ముక్కలు, పీచు. సీసా ఊపి వాసన చూశాను. అల్లం టీ! పాలు పోయని, చల్లారిన అల్లం టీ.

ముందు కోపం నషాళానికంటింది. తర్వాత ఒంటరిగా కూర్చుని పడీపడీ నవ్వాను. నవ్వాగాక జాలేసింది. అంత పెద్దమనిషి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా సీసాలో టీ పోశారంటే లోపల ఎంత భయం ఉండాలి! కాగితం తీసి శ్రద్ధగా రిపోర్టు రాసి, సంతకం పెట్టి, స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను.

బావగారు కళ్లజోడు సర్దుకుని పైకే చదివారు. "రంగు, ముదురు. ప్రొటీన్, లేదు. చక్కెర, టీలో వేసేది ఈ కాగితానికి అందదు కానీ వేలికి జిగురుగా తగిలింది. మైక్రోస్కోపు కింద, టీ ఆకు ముక్కలు, అల్లం పీచు. సలహా, రోగి ఇంట్లో టీ వడగట్టే జల్లెడ వెంటనే మార్చవలెను."

"టీ ఇచ్చారా!" మా తోటికోడలు నెత్తి కొట్టుకుంది. "దాన్ని నేను బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను కదండీ!"

బావగారు నవ్వలేదు. నా ముఖంలోకి చూశారు. "అయితే చూశావన్నమాట."

"చూశాను."

"మూత తీసి?"

"మూత తీసి, బొట్టు వేసి, నా కళ్లతో."

ఆయన చొక్కా చేయి పైకి మడిచారు.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌కొచ్చి రక్తమూ, ఈసారి అసలు శాంపిలూ ఇచ్చారు. మూడుసార్లు వేశాను. మూడుసార్లూ ఒకటే. కిడ్నీలు బాగున్నాయి. థైరాయిడ్ మాత్రం బొత్తిగా పనిచేయడం లేదు. వాపూ నీరసమూ దానివల్లే అయ్యుండాలి. ఎగిరి గంతేయాల్సింది, కానీ సంతకం పెట్టబోయి పెన్ను పక్కన పెట్టేశాను. మూడేళ్లు ఆ దొంగలు రాసిచ్చిన మాటే నేనూ రాయాలి కదా! నా మెషీన్ తప్పయితే?

ఫ్రిజ్ తెరిచి ఆయన సగం తీశాను. ఐసు పెట్టిన ఫ్లాస్కులో ఉంచి చేతికిచ్చాను. "పెద్దాసుపత్రిలో చూపించండి బావగారూ. నా అంకెలు మాత్రం వాళ్లకు చెప్పకండి."

పద్నాలుగేళ్లలో నా ఫ్రిజ్ నుంచి బయటికెళ్లిన మొదటి సగం అది. మూడోరోజు ఆయన వచ్చి, వాళ్ల కాగితం నా కాగితం పక్కన పెట్టారు. కిడ్నీ అంకె అచ్చం అదే. థైరాయిడ్‌లో తేడా చుక్క తర్వాతి అంకెలో.

అమ్మయ్య అనుకున్నాను. పైకే అన్నాను. స్టూలు మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను.

"వాచింది నా కాళ్లు, ఏడుపు నీకెందుకమ్మా?"

"నాకూ అనుమానమే బావగారూ. నా మీదే."

ఆయన ఇంకో స్టూలు లాక్కున్నారు. నా ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చున్నారు.

డాక్టరు రోజూ పరగడుపున వేసుకోమని ఒక చిన్న మాత్ర రాశారు. రెండు నెలలకు బూట్లు పట్టాయి. టీ సంగతి డిపోలో ఆయనే చెప్పుకుని నవ్వించారు. డ్రైవర్లు ఒక్కొక్కరే వస్తున్నారు, రక్తం ఇచ్చి, "నా సగం ఉంచుతారు కదా మేడమ్?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న నాకు కోపం తెప్పించడం లేదు.

నిన్న బావగారు బూట్లు టకటకలాడిస్తూ వచ్చి, నా ముందు ఫ్లాస్కు పెట్టారు. "ఇది తాగడానికి. ఇందులో కాగితాలు ముంచకు."

తాగాను. గ్లాసు అడుగున ఆకు ముక్కలు కనిపించాయి.

"జల్లెడ ఇంకా మార్చలేదా?"

"మార్చేశానమ్మా," అన్నారు బావగారు. "అవి నేనే వేశాను. నువ్వింకా చూస్తున్నావో లేదో అని."