తడి అరికాళ్లు

ఓబిలేష్ పొలాలకు బోరు పాయింటు చూసే మనిషి. అందరిలా టెంకాయ పట్టుకుని తిరగడు; చెప్పులు విడిచి నడుస్తాడు, అంతే. కింద నీళ్లున్న చోట అతని అరికాళ్లు తడుస్తాయి. ఆ తడి ఆరకముందే ఇంట్లో అడుగుపెడితే, కాళ్లు తుడుచుకుని రాకూడదా అని భార్య సువర్ణ విసుక్కుంటుంది. గోరంట్ల చుట్టుపక్కల ఎవరికీ అందులో వింత కనబడదు.

ఈ విద్యకు ఒకటే కట్టుబాటు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒక్కసారి అబద్ధమాడితే ఆ కాళ్లు ఇక జన్మలో తడవవు. వాళ్ల నాయన పోతూ పోతూ చెప్పిన ఈ మాట ఊరందరికీ తెలుసు.

ఊరికి పడమర నూరెకరాల శెనక్కాయ చేలు పోయి గోల్ఫు మైదానం వచ్చింది. చిన్న బంతిని పద్దెనిమిది గుంతల్లో వేయడానికి నూరెకరాలెందుకో ఎవరికీ అంతుపట్టలేదు. వాన రాకుంటే శెనక్కాయ కొన్నాళ్లు ఓర్చుకుంటుంది గానీ ఆ గడ్డి ఒక్కరోజూ ఓర్చుకోదు. ట్యాంకర్లు తోలించి తోలించి విసిగిన మేనేజరు దివాకర్, ఓబిలేష్‌కు కబురు పెట్టాడు.

ఓబిలేష్ పొద్దున్నే చెప్పులు విడిచి గడ్డిలోకి దిగాడు. తొమ్మిదో గుంత దగ్గర చల్లదనం మోకాలిదాకా పాకింది. ఇంత నీరు అతనెన్నడూ ఎరగడు. ఆ సంతోషం క్షణమే. ఆ జల పోయేది తూర్పుకు, ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క తాగునీటి బోరు కిందికి. ఇక్కడ వెయ్యడుగుల బోరు దించితే అక్కడ నెల తిరక్కుండా నీళ్లకు బదులు గాలే వస్తుంది.

"ఏమప్పా, ఉండాయా నీళ్లు?" అన్నాడు దివాకర్.

ఓబిలేష్‌కు భయమేసింది. ఈ పని తప్ప అతనికి ఇంకో పని రాదు.

"ఈడ యాడా లేవు సార్. ఎంత దించినా దుమ్మే."

దివాకర్ అతని కాళ్లకేసి చూశాడు. అప్పుడే ట్యాంకరు నీళ్లు కొట్టిన గడ్డి అది. అందులో ఎవరి కాళ్లైనా తడిగానే ఉంటాయి. నిట్టూర్చి ట్యాంకర్లకే మళ్లీ ఫోను చేశాడు.

తిరిగొస్తూ, తను చూపించగా నీళ్లు పడిన గిరి అనే రైతు పొలంలో కావాలనే నిలబడ్డాడు ఓబిలేష్. కాళ్ల కింద వట్టి నేల. అతనికి ఏడుపొచ్చింది.

ఊరి బోరు దగ్గర ఆడవాళ్లు బిందెలతో వరస కట్టి ఉన్నారు. అతను ఎక్కడికి పోయి వస్తున్నాడో వాళ్లకు తెలుసు. ఆ దారిన నడిస్తే దుమ్ములో ఎప్పుడూ తడి అడుగులు పడేవి. ఇవాళ పొడిగా పడ్డాయి. అందరూ ఆ అడుగులు చూశారు, తర్వాత తమ బోరు వైపు చూశారు.

గంటసేపు నిలబడి అప్పుడే బిందె నింపుకున్న ముసలి భద్రమ్మ మాత్రం దగ్గరకొచ్చింది. "రవ్వంత నిలబడు నాయనా" అని, ఆ బిందెడు నీళ్లూ అతని కాళ్ల మీద పోసి, ఖాళీ బిందెతో పోయి వరస చివర నిలబడింది.