కోళ్ల మీద పడ్డ నేరం

పశువుల డాక్టరు సుధాకర్ కోళ్లను పట్టడానికి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఊరకోడిని పగటిపూట పట్టినవాడు చొప్పదండి చుట్టుపక్కల ఎవడూ లేడు. పొద్దుగూకి గంప కమ్మాకే అది చేతికి చిక్కుతుంది. డాక్టరు వెంట వచ్చినవాళ్లు సంచులు పట్టుకుని వాడంతా ఉరికారు. బాలవ్వ పుంజు ఇంటి పెంకుల మీదికెక్కి, వాళ్ల వైపు తోక తిప్పి నిలబడింది.

“ఓట్లప్పుడు గూడ గింత ఉరుకుడు సూడలే సారూ,” అన్నాడు బాలవ్వ పెనిమిటి హనుమండ్లు, గడప మీద కూర్చుని బీడీ ముట్టిస్తూ.

గుడ్లలో విషం ఉందని పట్నం నుంచి రిపోర్టు వచ్చింది. ఊరి పక్కన పాత టైర్లు కరిగించి నూనె తీసే ఫ్యాక్టరీ ఉంది. దాని పొగలోంచి రాలే నల్లటి మసి వాకిళ్లలో, పెంటకుప్పల మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. కోడి ఆ మట్టినే గీరుతుంది, ఆ మట్టిలో పురుగునే తింటుంది, ఎండపూట ఆ మట్టిలోనే పొర్లుతుంది. కోళ్లన్నిటినీ పట్టి పాతిపెట్టమని ఆర్డరు. ఫ్యాక్టరీ మాట అందులో లేదు.

బాలవ్వ కూతురు తిరుమల కాన్పుకు వచ్చి ఉంది. ఫారం గుడ్డులో మందులుంటాయని, బాలవ్వ రోజూ తన కోడి గుడ్డే ఉడకబెట్టి, ఒలిచి, ఉప్పు అద్ది, ఆమె చేతిలో పెట్టింది. రిపోర్టు సంగతి విన్నప్పటి నుంచి కూతురి ముఖం చూడలేకపోతోంది.

“అవ్వా, నువ్వు పిలిస్తే వస్తయట గదా. జర పిలువు,” అన్నాడు సుధాకర్.

“వస్తయి. ఆ విషం యాడికెల్లి వచ్చింది సారూ?”

“పొగకెల్లే అని రాసిండ్రు.”

“మరి పొగనెప్పుడు పాతిపెడ్తరు?”

సుధాకర్ మెడ తుడుచుకున్నాడు. “అది నా చేతుల లేదవ్వా. నా చేతుల ఉన్నయి కోళ్లే.”

“మీ చేతుల యాడున్నయి సారూ? పెంకల మీదున్నయి,” అన్నాడు హనుమండ్లు.

బాలవ్వ లోపలికి పోయి కొంగులో జొన్నలు పోసుకుని వచ్చింది. “బా బా బా” అంది. పుంజు దిగింది. పెట్టలు దడి సందుల్లోంచి వచ్చాయి. ఆమె వాకిట్లో ఆగలేదు. నాలుగు గింజలు విసురుతూ, పిలుస్తూ బజారు వెంట నడిచింది. వెనక కోళ్లు, కోళ్ల వెనక సంచులవాళ్లు. ఫ్యాక్టరీ గేటు ముందు కొంగు దులిపి, అక్కడే కూర్చుంది.

“ఇగ పట్టుండ్రి. ఈడనే పట్టుండ్రి. లోపటోడు బయటికొచ్చి సూడాలె.”

లోపలినుంచి ఎవరూ రాలేదు. కాపలావాడు గేటు మూశాడు. సంచులవాళ్లు డాక్టరును చూశారు. డాక్టరు ఫోను పట్టుకుని చింతచెట్టు వైపు పోయాడు. తిరుమల మెల్లగా నడిచి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

పొద్దుగూకింది. డాక్టరు తిరిగి రాలేదు, ఆయన చెప్పనిదే సంచులవాళ్లు కోళ్ల జోలికి పోలేదు. హనుమండ్లు గంప తెచ్చి, కోళ్లను గేటు ముందే కమ్మాడు. టైర్ల లారీ వచ్చి హారన్ కొట్టింది. బాలవ్వ లేవలేదు.

“కోళ్లు పండుకున్నయి,” అన్నాడు హనుమండ్లు డ్రైవరుతో. “లొల్లి వెట్టకు.”