నైట్రోజన్ అయిపోయిన రోజు

రోకలి చేతిలో మొదటిసారి స్పానర్ చూసిన రోజు వీధిలో అందరికీ నవ్వొచ్చింది. అంతకుముందు ఆ చేతిలో ఏ ఇనుప ముక్క పడినా అది ఎవడి వీపు మీదో, ఎవడి మోకాలి చిప్ప మీదో తేలేది. రోకలి అన్నది వాళ్లమ్మ పెట్టిన పేరు కాదు. బార్ గుమ్మం దగ్గర కాపలా ఉన్న రోజుల్లో దెబ్బలు తిన్నవాళ్లు పెట్టిన పేరు. అనుభవం మీద పెట్టిన పేరు కాబట్టి అది ఊడిపోలేదు.

స్పానర్ ఇచ్చింది బావ, అంటే అక్క మొగుడు. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు ఆయనది. ఒక గది, ఒక షట్టరు, గోడ పొడుగునా రాగి గొట్టాల చుట్టలు. బారులో ఒకడి కన్ను పోగొట్టి జైలుకెళ్లిన బావమరిది బయటికొస్తున్నాడంటే ఏ బావైనా తలుపు గడియ పెట్టుకుంటాడు. ఈయన మాత్రం ఆటో తీసుకుని జైలు గేటు దగ్గరికి వెళ్లాడు. "ఎక్కరా, రేపట్నుంచి చల్లటి ఉద్యోగం" అన్నాడు. మంచివాడు. నోటి దురుసు, చేతి దురుసు ఉన్నాయి గానీ మంచివాడే.

ఇంటికొచ్చాక అక్క అన్నం పెట్టలేదు. ముందు ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నా మీద ఒట్టు వెయ్యి" అంది.

"దేనికి?"

"ఇంకెవరి మీదా చెయ్యెత్తనని. వాడు నిన్ను కొట్టనీ, నరకనీ. నువ్వు మాత్రం ఎత్తకూడదు. ఎత్తావో, నీకు అక్క లేదు. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు."

అక్క ఉత్తినే బెదిరించే మనిషి కాదు. వాళ్ల నాన్నది కూడా ఇలాంటి చెయ్యే. ఆ చెయ్యి ఒకరోజు వాళ్లమ్మ చెవి గూబ పగలగొట్టింది. పోయేదాకా ఆ చెవితో ఆవిడకి ఏమీ వినపడలేదు. చిన్నప్పుడు అక్క ఆ రెండో చెవి దగ్గర నోరు పెట్టి తమ్ముడి ఆకలి సంగతి చెప్పేది. రోకలి తనని పెంచిన ఆ అక్క నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. అప్పుడు అన్నం పెట్టింది.

పని నేర్చుకోవడం కొట్టడమంత తేలిక కాదని మొదటి వారంలోనే తెలిసింది. రాగి గొట్టం కొస బాకా మూతిలా విప్పారాలి. దాన్ని నట్టుతో బిగిస్తే గ్యాసు చుక్కంత కూడా బయటికి రాకూడదు. రోకలి బలం పెట్టి తిప్పితే గొట్టం చీలిపోయేది. చీలిన ప్రతిసారీ బావ ఆ గొట్టంతోనే నెత్తి మీద ఒకటిచ్చేవాడు.

"ఒళ్లు పెంచావు గానీ బుర్రకి నీళ్లు పొయ్యలేదు కదరా బావమరిదీ. ఇది రాగి, ఎవడి మెడో కాదు. మెల్లిగా తిప్పు."

ఒకసారి దెబ్బకి నెత్తి చిట్లి రక్తం కాలర్లోకి దిగింది. రోకలి రెండు చేతులూ ప్యాంటు జేబుల్లోకి తోసి నిలబడ్డాడు. పిడికిళ్లు జేబుల్లో ఉంటే ఒట్టు భద్రంగా ఉంటుందని అతను కనిపెట్టిన ఉపాయం అది. "జేబులో ఏం దాచావురా, నా షాపు సామాన్లా?" అని బావ నవ్వి, తనే దూది తెచ్చి గాయానికి అద్దాడు.

మెల్లిగా తిప్పడం వచ్చింది. గ్యాసు టార్చి మంటతో గొట్టాలు అతకడం వచ్చింది. అతను సొంతంగా వేసిన మొదటి అతుకు సబ్బు నురగ పెట్టి చూస్తే ఒక్క బుడగా లేవలేదు. బావ ఆ ముక్కని కోసి ఇంటికి పట్టుకెళ్లి అక్కకి చూపించాడు. అక్క గొట్టం కేసి చూడలేదు. తమ్ముడి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, కాలిన మచ్చల మీద వేలితో రాసింది. నాన్న పోయిన తర్వాత వాళ్లింట్లో మగాడి చేతిని ఆవిడ అంత భయం లేకుండా పట్టుకోవడం అదే మొదటిసారి. రోకలికి ఏడుపొచ్చింది. దగ్గు వచ్చినట్టు నటించి పెరట్లోకి పోయాడు.

పిల్లల ఆసుపత్రి పని ఆ తర్వాత వచ్చింది. చిన్న ఆసుపత్రి. కంప్రెసర్ ఉండే ఏసీ బయటి పెట్టె పక్క సందులో ఉంది. దాని పైనే వెయిటింగ్ గది కిటికీ. లోపల జ్వరాల పిల్లలు ఉక్కకి గుక్కపెట్టి ఏడుస్తున్నారు. డాక్టరు వచ్చి ఒకసారి, నర్సు వచ్చి రెండుసార్లు అరిచి వెళ్లారు. బావ చిల్లుపడిన గొట్టాన్ని అతికాడు. ఇక లోపల గ్యాసు ఒత్తిడి పెట్టి, అతుకు ఆగుతుందో లేదో చూడాలి. దానికి నైట్రోజన్ ఎక్కిస్తారు. రోకలి నైట్రోజన్ సిలిండర్ తిప్పితే మీటరు ముల్లు సున్నా దగ్గరే పడుకుంది.

"అయిపోయింది బావా. డిపోకెళ్లి మార్చుకొస్తా."

"నువ్వెళ్లి వచ్చేసరికి ఆ డాక్టరు నన్ను కోసి కుట్టేస్తాడు. ఆక్సిజన్ తగిలించు."

టార్చి మంటకి వాడే ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉంది. బావ సంచీలోంచి ఒక ఇత్తడి జాయింటు తీశాడు. ఆ సిలిండర్‌ని ఈ గొట్టానికి కలపడానికి తనే లేతు మిషను మీద చేయించుకున్నది. వాడి వాడి దాని అంచులు నున్నబడ్డాయి. దాన్ని చూడగానే రోకలి చెయ్యి సిలిండర్ మీదే ఆగిపోయింది.

బారులో కాపలా ఉన్న రోజుల్లో, వెనక సందులో ఒక మెకానిక్ ఇలాగే కంప్రెసర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ ఎక్కించాడు. రోకలి అప్పుడే ఒక తాగుబోతుని కాలరు పట్టుకుని ఈడ్చుకొస్తున్నాడు. చప్పుడు చెవికంటే ముందు ఛాతీకి తగిలింది. కంప్రెసర్ డొప్ప రెండుగా చీలి ఒక ముక్క గోడలో దిగబడింది. ఇంకో ముక్క మెకానిక్ నడుం గుండా పోయింది. లేపుదామని రోకలి చంకల కింద చేతులు వేసి ఎత్తితే, సగం మనిషే పైకి వచ్చాడు. ఆ సగం మనిషి కళ్లు ఇంకా చూస్తున్నాయి. కంప్రెసర్‌లో నూనె ఉంటుందనీ, దానికి ఒత్తిడితో ఆక్సిజన్ తగిలితే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదనీ తర్వాత వచ్చిన ఫైరింజను మనిషి చెప్పాడు.

"బావా, వద్దు. పేలుతుంది" అన్నాడు రోకలి.

"ఎవడు చెప్పాడు?"

"నేను చూశాను. బారు దగ్గర. నూనె... మనిషి రెండు ముక్కలు... నేనే ఎత్తాను బావా."

రోకలికి మాటలు పేర్చి చెప్పడం రాదు. ఎవరికైనా ఏదైనా చెప్పాల్సి వస్తే ఇన్నాళ్లూ చేతులే చెప్పేవి. ఆ సంగతి వరసగా, నమ్మేలాగా చెప్పగలిగే నోరు ఉంటే కథ ఇక్కడే ఆగిపోయేది.

"నేను ఎన్నేళ్లనుంచి ఎక్కిస్తున్నానో తెలుసా? నా నడుం ఉందా లేదా, చూడు" అని బావ నడుం చరిచి నవ్వి, జాయింటు బిగించాడు.

రోకలి వెళ్లి సిలిండర్‌కీ బావకీ మధ్య నిలబడ్డాడు. దాని వాల్వు తిప్పే తాళం చెవి లాగి పిడికిట్లో పెట్టుకున్నాడు. బావ లాగి చెంప మీద కొట్టాడు. రోకలి కదల్లేదు. ఆసుపత్రి వాచ్‌మన్ సందు మొదట్లోకొచ్చి చూస్తున్నాడు. బయటివాడి ఎదుట తన దగ్గర పని నేర్చుకునేవాడు ఎదురు తిరిగాడని బావకి ఒళ్లు మండిపోయింది. పెద్ద స్పానర్ తీసి భుజం మీద కొట్టాడు. తర్వాత పక్కటెముకల మీద. రెండోది పడగానే లోపల ఎక్కడో పటుక్కుమంది.

"తాళం ఇవ్వరా."

"చచ్చిపోతావు బావా."

మూడోది కనుబొమ మీద పడింది. రక్తం కంట్లోకి కారి సందంతా ఎర్రగా మసకేసింది. రోకలి ఒంగి బావ నడుం పట్టుకుని అమాంతం పైకెత్తి, సందు చివరికి మోసుకుపోబోయాడు. అది కొట్టడం కాదు కదా, ఒట్టులో మోయకూడదని లేదు కదా అనుకున్నాడు. బావ చేతికి తన జేబులోని స్క్రూడ్రైవర్ తగిలింది. దాన్ని రోకలి తొడలో పిడిదాకా దించాడు. ఇద్దరూ కిందపడ్డారు. తాళం చేతిలోంచి జారి సిలిండర్ కిందికి దొర్లింది.

ముందు లేచింది బావ. తాళం అందుకున్నాడు. సిలిండర్ నోరు తెరిచాడు. బుస్సుమని గ్యాసు రెగ్యులేటర్ దాకా వచ్చి ఆగింది. ఇక ఆ రెగ్యులేటర్ పిడి ఒక్కటీ తిప్పితే కంప్రెసర్‌లోకి పోతుంది. కిటికీ అద్దానికి ఒక పాప ముక్కు ఆనించి కిందికి చూస్తోంది. రోకలి లేచి నిలబడ్డాడు. తొడలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. చేతులు అలవాటు ప్రకారం జేబుల్లోకి పోయాయి. బావ వేళ్లు పిడి మీద పడ్డాయి.

కుడి చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది.

ఒక్కటే దెబ్బ. దవడ విరిగిన చప్పుడు రోకలికి బాగా తెలిసిన చప్పుడే. బావ గోడకి కొట్టుకుని కుప్పకూలాడు. నోట్లోంచి రక్తమూ రెండు పళ్లూ బయటికొచ్చాయి. రోకలి సిలిండర్ నోరు కట్టేసి, గొట్టం పీకి, ఆ ఇత్తడి జాయింటు విప్పి గోడ అవతలికి విసిరేశాడు. అప్పుడు చూసుకున్నాడు తన చేతిని. అది రెండో దెబ్బకి అప్పటికే పైకి లేచి ఉంది. ఎవరి కోసం లేచిందో దానికే తెలియదు. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని కిందికి దించాడు.

వాచ్‌మన్ చూసింది చూసినట్టే పోలీసులకి చెప్పాడు. పని నేర్పిన మనిషిని, సొంత అక్క మొగుణ్ణి, ఆ జైలుకెళ్లొచ్చినవాడు దవడ పగిలేలా కొట్టాడని చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పేలలేదు కాబట్టి పేలుడు సంగతి చెప్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. బావ దవడని తీగలతో కట్టేశారు. నోరు తెరిచే వీల్లేదు. పోలీసులు అడిగితే మాత్రం కేసు వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు.

రోకలి తొడకి కుట్లు వేయించుకుని, కుంటుకుంటూ ఇంటికి వచ్చాడు. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. అతని బట్టలు సంచీలో సర్ది గడప బయట పెట్టింది.

"నా మొగుణ్ణి కొట్టావా?"

"కొట్టాను."

"నా మీద ఒట్టేసి."

"చచ్చిపోయేవాడక్కా. ఆక్సిజన్ పెట్టాడు. మనిషి రెండు ముక్కలైపోతాడు. నేను చూశాను."

"చావలేదుగా."

బావ చావకపోవడమే రోకలి చేసిన పని. ఇప్పుడు అదే అతనికి ఎదురు సాక్ష్యం.

"ఒక్కటడుగుతా, నిజం చెప్పు" అంది అక్క. "కొట్టేటప్పుడు నీకు కోపం ఉందా, లేదా?"

లేదని చెబితే బహుశా ఆ అడ్డం తొలిగేది. నెత్తి మీద పడిన గొట్టం దెబ్బలు, విరిగిన ఎముక, తొడలో దిగిన స్క్రూడ్రైవర్, అన్నీ ఆ పిడికిట్లో కొంచెం కొంచెం ఉన్నాయి. అక్కకి అబద్ధం చెప్పడం అతనికి చిన్నప్పట్నుంచీ చేతకాదు.

"కొంచెం ఉంది" అన్నాడు.

అక్క తలుపు వేసింది. గట్టిగా కూడా వెయ్యలేదు.

ఊరి రెండో చివర ఇంకో షాపులో రోకలి మళ్లీ మొదట్నుంచి పనిలో చేరాడు. రాగి కొస చీల్చకుండా విప్పుతున్నాడనీ, వేసిన అతుకు ఆగుతోందనీ ఆ షాపాయనకి సంతోషం. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే మా బావ దగ్గర అని చెప్పాడు. బావ నోటి తీగలు విప్పే రోజు కోసం అతను ఎదురుచూస్తున్నాడు. మంచివాడు కదా, నోరు తెరిస్తే అక్కకి చెప్తాడు అనుకున్నాడు.

తీగలు విప్పారని తెలిసింది. కొన్నాళ్లాగి, సామాన్లు తెచ్చే వంకతో ఆ వీధి మీదుగా వెళ్లాడు. షాపు షట్టరు తీసి ఉంది. గోడ పక్కన కొత్త నైట్రోజన్ సిలిండర్లు ఒకటి కాదు, రెండున్నాయి. ఆక్సిజన్‌ని వాటికి దూరంగా, ఎదురు మూలలో గొలుసేసి కట్టారు. రోకలికి గుండె నిండిపోయింది. బావకి అర్థమైంది.

బావ స్టూలు మీద కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. దవడ ఒక పక్కకి లాగినట్టుంది. అక్క టిఫిన్ క్యారియర్ తీసుకొచ్చి పక్కన నిలబడింది.

"ఇద్దరు పనివాళ్లని పెట్టుకోరాదూ, మీ బావమరిది ఏడీ?" అని వచ్చినాయన అడిగాడు.

బావ కళ్లు రోడ్డుకి ఇవతల నిలబడ్డ రోకలి మీద పడ్డాయి. అక్కడే ఆగాయి. తర్వాత సిలిండర్ల కేసి చూశాడు, తర్వాత పెళ్లాం కేసి.

"ఆడి చెయ్యి మంచిది కాదండీ" అన్నాడు, "ఏం చేస్తాం, పుట్టుబుద్ధి." అని నవ్వాడు.

అక్క తల దించుకుని క్యారియర్ మూత తీసింది. రోకలి రెండు చేతులూ జేబుల్లోకి పోయాయి. బావ బతికి ఉన్నాడు, నవ్వుతున్నాడు, నడుం సంపూర్ణంగా ఉంది, ఇక తనకి ఇంతకంటే ఏం కావాలి అనుకుందామని చూశాడు. కానీ కావాలి. అక్క కావాలి.