మంగళవారం వచ్చిన ఎండ

ఆకాశాన్ని చూసి జీతం తీసుకునేవాణ్ణి నేను. వాతావరణ కేంద్రంలో పరిశీలకుణ్ణి. మూడు గంటలకోసారి డాబా ఎక్కి, తలెత్తి, ఆకాశాన్ని మనసులోనే ఎనిమిది ముక్కలు చేసి, వాటిలో ఎన్ని ముక్కల్ని మబ్బు మూసిందో రిజిస్టర్లో రాయాలి. పంతొమ్మిది రోజులుగా ఎనిమిదికి ఎనిమిది రాస్తున్నాను. బళ్ళో చదివినన్నాళ్ళూ ఒక్కసారి కూడా రాని ఫుల్ మార్కులు ఇప్పుడు పూటపూటా వస్తున్నాయి. ఏం చేసుకోను?

వసంతం వెళ్ళిపోయే రోజులు. ఈపాటికి ఎండ వీపు మీద చురుక్కుమనాలి. కానీ మా తీరంలో ఈ రోజుల్లో సముద్రం నీళ్ళు ఇంకా చలికాలం నాటి చల్లదనం వదలవు. వాటి మీదుగా వచ్చే గాలి తేమంతా మోసుకొచ్చి మా కొండ మీద దించిపోతుంది. వాన పడదు, పడితే ఒక పనైపోయేది. ఎండా రాదు. పొద్దున్న ఎలా ఉందో మధ్యాహ్నమూ అలాగే, సాయంత్రమూ అలాగే. పై ఆఫీసుకి పంపే కాగితాల్లో దీనికి శాస్త్రం పెట్టిన పేరు రాస్తాను. ఇంట్లో మా అక్క పెట్టిన పేరే వాడతాం: దిక్కుమాలిన మసక.

మా క్వార్టరు కొండ కిందే. ఊరు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. ఇంట్లో ముగ్గురం. మూడేళ్ళ కిందట తుంటి విరిగినప్పటి నుంచి అమ్మ మంచంలోనే. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఎప్పుడో పెళ్ళి చేసుకుని, ఏడాది తిరక్కుండానే "ఇది నా ఒంటికి పడదు" అని తిరిగొచ్చేసింది. నేను ఆపాటి సాహసం కూడా చేయలేదు. ఊళ్ళోవాళ్ళ బట్టలు బిగువూ వదులూ చేసిపెట్టడం అక్క పని. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో అమ్మ, రెండింటి మధ్యా అక్క నడుము.

అమ్మ పక్కబట్టలు రోజుకి రెండుసార్లు మార్చాలి, ఒక్కోరోజు మూడు. ఉతకడం ఒక ఎత్తు, ఆరడం ఒక ఎత్తు. ఈ పంతొమ్మిది రోజుల్లో మా ఇంట్లో ఒక్క దుప్పటి కూడా సరిగ్గా ఆరలేదు. ముందుగదిలో, వంటింట్లో, ప్రతి కిటికీకీ, ప్రతి తలుపుకీ దుప్పట్లే. ఇంట్లోకి అడుగుపెడితే చెమ్మ వాసన. వాటి కింద వంగి నడిచి నడిచి నాకు మెడ పట్టేసింది. అమ్మ గదిలో మాత్రం ఆరేయం, తేమకి దగ్గు వస్తుందని. పొద్దున ఆరేసిన దుప్పటిని అక్క సాయంత్రం చెంపకి ఆనించి చూసుకుని, ఏమీ అనకుండా మళ్ళీ అక్కడే తగిలించేది. అరిచినా బాగుండేది నాకు.

అలిసిపోయాం. ఎవరిమీదా కోపం లేకుండా, ఊరికే అలిసిపోయాం. అందుకే ఊళ్ళో ఉన్న వృద్ధుల హోంకి వెళ్ళి అడిగాం. మామూలు గదులకి ఏడాదిన్నర వరస ఉందన్నారు. మతి తప్పినవాళ్ళ విభాగంలోనైతే ఒక మంచం ఖాళీగా ఉంది, ఇంటివాళ్ళు కాగితం నింపి సంతకం పెడితే శనివారం నర్సు వచ్చి చూసి తీసుకెళ్తుందట.

అమ్మకి మతి తప్పిందా? తప్పిందనుకోవడానికి ఆధారాలు లేకపోలేదు. ఒకసారి అక్కని పిన్ని పేరుతో పిలిచింది. తొమ్మిదేళ్ళ కిందట పోయిన నాన్న గొడుగు తీసుకెళ్ళాడా అని ఒకరోజు తెల్లవారుజామున అడిగింది. అది మతిమరుపో నిద్రమత్తో మాకు తెలీదు. తెలుసుకోవాలని పెద్దగా ప్రయత్నించనూ లేదు.

ఇలా ఉండగా మంగళవారం వచ్చింది. నేను డ్యూటీ దిగి ఆరున్నరకి ఇంటికొచ్చి అమ్మ గదిలోకి తొంగిచూశాను.

"చిన్నోడా, ఇవాళ ఎండొచ్చింది రా" అంది అమ్మ. "నా కాళ్ళ మీద పడింది. ఎంత హాయిగా ఉందో!"

"ఎండెక్కడిదమ్మా? మూడింటికి చూశాను, ఆరింటికి చూశాను. చిల్లి కూడా లేదు."

"వచ్చింది రా. నేను చూశాను కదా."

"ఆకాశం సంగతి నాకు చెప్తున్నావా? తాతకి దగ్గులు నేర్పినట్టుంది."

అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. "నేను ఇంట్లోనే ఉన్నాను. నాకెక్కడా కనపడలేదే" అంది. అమ్మ దుప్పటి అంచు సర్దుకుని కళ్ళు మూసుకుంది.

బుధవారం సాయంత్రం అక్క కాగితం నింపింది. 'కాలం, చోటు, పరిసరాలు తెలుస్తున్నాయా? తెలియకపోతే ఉదాహరణలు రాయండి' అని ఉన్నచోట గొడుగు సంగతి, పిన్ని పేరు సంగతి రాసి, మూడోదిగా ఇది రాసింది: 'మూడు వారాలుగా మబ్బు కమ్మి ఉండగా మంగళవారం ఎండ తన కాళ్ళ మీద పడిందని చెప్పింది.' కింద నేను సంతకం పెట్టాను. పేరు పక్కన ఉద్యోగం కూడా రాశాను. వాతావరణ పరిశీలకుడే ఎండ లేదని సంతకం పెట్టాక ఇంక అడిగేవాడెవడు?

ఇక్కడ మా ఆఫీసు గుట్టు ఒకటి చెప్పుకోవాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

డాబా పైన ఇంకో ఇనుప నిచ్చెన ఎక్కితే ఒక గాజు గోళం ఉంటుంది. దాని వెనక ఒక అట్టకార్డు పెడతాం. ఎండ వస్తే ఆ గోళంలోంచి పడి కార్డు మీద గీతలా కాలుతుంది. కార్డు మీద గంటలు అచ్చేసి ఉంటాయి కాబట్టి ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఎండ కాసిందో ఆ గీతే చెబుతుంది. రోజూ పొద్దుగూకాక పాత కార్డు తీసి, కొత్తది పెట్టి, వెనక తేదీ వేయాలి. అది రూలు. మాకు కార్డులు అయిపోవచ్చాయి, కొత్త పెట్టె పై ఆఫీసు నుంచి రాలేదు. అప్పుడు నా జోడీ పరిశీలకుడు ఒక ఉపాయం చెప్పాడు. వాణ్ణి అందరూ నిదానం అంటారు. ఏ పని చెప్పినా "నిదానమే ప్రధానం" అంటాడు కనుక.

"మచ్చ కూడా పడని కార్డుని తీసి పారేయడం ఎందుకన్నా? ఎండ ఎలాగూ రాదు. అదే ఉంచేద్దాం" అన్నాడు.

నాకూ సబబే అనిపించింది. మొదట్లో ఇద్దరం రోజూ నిచ్చెనెక్కి కార్డు చూసి, ఎండ సున్నా అని రాసుకునేవాళ్ళం. తర్వాత నా మోకాళ్ళు వాడు చూస్తాడులే అన్నాయి. వాడి బద్ధకం నేను చూస్తానులే అంది. సున్నాలు మాత్రం ఠంచనుగా పడుతూనే ఉన్నాయి.

గురువారం కొత్త పెట్టె వచ్చింది. సాయంత్రం మోకాళ్ళు పట్టుకుని నిచ్చెనెక్కాను. కార్డు బయటికి తీశాను. నల్లగా, సన్నగా, నా చిటికెన వేలంత గీత. మూడు దాటాక మొదలై మూడుముప్పావు దగ్గర ఆగిపోయింది.

వెనక తేదీ చూశాను. ఆదివారంది. ముందుది తేమకి మెత్తబడితే ఆరోజు మార్చాం. అంటే ఆదివారం సాయంత్రం నుంచి ఈ నాలుగు రోజుల్లో ఏదో ఒకరోజు ముప్పావుగంట ఎండ కాసింది. ఏరోజో కార్డు చెప్పదు. అందులో గంటలే గానీ వారాలుండవు. మంగళవారం నేను మూడింటికి డాబా దిగి, ఉత్తరపు కిటికీ ఉన్న గదిలో లైటేసుకుని నెలవారీ లెక్కలు రాసుకుంటూ కూర్చున్నాను. ఆరింటికి మళ్ళీ పైకొచ్చేసరికి మబ్బు మూత పడిపోయింది. మిగతా రోజుల సంగతి నిదానాన్ని ఫోన్లో అడిగితే నీళ్ళు నమిలాడు.

కొత్త కార్డు పెట్టి, పాతది జేబులో వేసుకుని దిగాను. సంతోషించాలి కదా నేను? మా అమ్మకి మతి పోలేదు. కానీ సంతోషం రాలేదు. అమ్మ బుద్ధి బాగున్నందుకు నీరసం వచ్చిన కొడుకుని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇంటికెళ్ళి దుప్పట్ల కింద నుంచి వంగి వెళ్ళి అమ్మ మంచం పక్కన కూర్చున్నాను.

"అమ్మా, ఎండొచ్చిందన్నావు చూడు. ఎప్పుడొచ్చింది?"

"ఎందుకు? పరీక్ష పెడుతున్నావా?"

"కాదులే, చెప్పు."

"మంగళవారం. మీ అక్క ఎవరి కోటుకో జిప్పు వేస్తూ విరగ్గొట్టి, ఆ కోటాయన ఏడుతరాలనీ తిట్టిపోసింది. ఆ తిట్లయ్యాక వచ్చింది. ముందు మంచం కోడు మీద పడింది, తర్వాత నా పాదాల మీదకి జరిగింది. చెత్తబండి గంట వినపడేదాకా ఉంది. బండి వెళ్ళాక చూస్తే లేదు."

చెత్తబండి మా కొండ కిందకి వారానికి ఒక్కరోజే వస్తుంది. మంగళవారం, మూడుముప్పావుకి. అక్క ఆ పక్కగదిలోనే ఉంది గానీ, తన కిటికీలకి తడి దుప్పట్లున్నాయి.

"మరి ఆవేళ గట్టిగా చెప్పలేదేం?"

"ఎలా చెప్పను రా? నువ్వు మీ అక్క మొహం చూశావు. అది నీ మొహం చూసింది. ఇద్దరూ నెత్తిమీద మూట దించుకున్నట్టు ఊపిరి వదిలారు. నాకు మతి పోవడం మీకంత అవసరమైనప్పుడు, కాదని వాదించే ఓపిక నాకెక్కడిది?"

నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్క బకెట్లో దుప్పటి జాడిస్తోంది. కార్డు చూపించి విషయం చెప్పాను. తడిచేతులతో ముట్టుకోకుండా, మెడ చాచి ఆ గీతని చూసింది.

"అయితే? ఎండొచ్చింది, అమ్మకి అన్నీ తెలుసు. ఒప్పుకున్నాను. అన్నీ తెలిసినంత మాత్రాన అమ్మ బరువు తగ్గిందా? నా నడుము నిలబడిందా?" అంది. "ఆ కాగితం మార్చావంటే ఏడాదిన్నర. నావల్ల కాదు రా తమ్ముడూ. నిజంగా కాదు."

ఏడవలేదు. ఏడిస్తే నేనేదో ఒకటి అనేవాణ్ణి. మళ్ళీ దుప్పటి జాడించడం మొదలుపెట్టింది.

"ఇద్దరూ ఇటు రండి" అని లోపల్నించి అమ్మ పిలిచింది. మా గోడలు పేరుకే గోడలు.

వెళ్ళి నిలబడ్డాం.

"నన్ను పంపిస్తే పంపించండి. అదొక తప్పని నేననను" అంది అమ్మ. "మూడేళ్ళుగా మీ అవస్థ ఈ మంచం మీంచి చూస్తూనే ఉన్నాను, అంతకంటే నాకింకేం పని? అలిసిపోయాం, ఇంక మావల్ల కాదు అని రాయండి. నేను కూడా వేలిముద్ర కాదు, సంతకమే పెడతాను. కానీ మతి పోయిందని మాత్రం రాయకండి. ఆ ముక్క చదివాక అక్కడ నామాట ఎవరూ వినరు రా. నొప్పి అంటే లేదంటారు. ఆకలంటే ఇందాకే తిన్నావంటారు. ఎండొచ్చిందంటే మబ్బేనంటారు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ చివరిమాట అన్నవాణ్ణి నేనే.

శుక్రవారం ఆఫీసులో రిజిస్టరు తెరిచి, మంగళవారం సున్నా కొట్టేసి, ముప్పావుగంట అని రాశాను. కారణం రాయమని పక్కన గడి ఉంది. కార్డు మార్చలేదని ఒప్పుకుని, 'ఎండను పరిశీలకుడి తల్లి చూసింది' అని రాశాను. దీనికి పై ఆఫీసు నుంచి తల వాచేలా చీవాట్లు వస్తాయి. రానీ. ఇంటికొచ్చి హోం వాళ్ళ కాగితం మీద మూడు ఉదాహరణలూ అడ్డంగా కొట్టేశాను. కింద రాశాను: 'మా అమ్మకి కాలమూ చోటూ మాకంటే బాగా తెలుసు. మేము అలిసిపోయాం.' అక్క చూస్తూనే ఉంది. అడ్డు చెప్పలేదు, సంతకం కూడా పెట్టలేదు.

శనివారం నర్సు వచ్చింది. మంచి మనిషి. దుప్పట్ల కింద నుంచి వంగి లోపలికి వెళ్ళి అమ్మతో పావుగంట మాట్లాడింది. తిరిగొచ్చి కాగితం చదివి, "ఇలా రాస్తే ఆ మంచం ఇవ్వలేనండీ" అంది. "మామూలు వరసలో పేరు రాస్తాను. మీది నూట పన్నెండు." వెళ్తూ వెళ్తూ అక్క చేతులకేసి ఒకసారి చూసింది.

తలుపు వేసి వచ్చేసరికి అక్క కుట్టుమిషను ముందు ఊరికే కూర్చుని ఉంది.

"నిజం రాశావు. బాగుంది. నీ పేరు నిలబడింది" అంది. "మరి ఇవాళ్టి దుప్పటి ఎవరు ఉతుకుతారు?"

"నేను ఉతుకుతాను. ఇవాళే కాదు, రోజూ. రాత్రిపూట అమ్మని కూడా నేనే చూసుకుంటాను" అన్నాను.

అక్క తలెత్తింది.

"ఈ మాట మూడేళ్ళ కిందట అని ఉంటే, ఆ కాగితం మన ఇంటికి వచ్చేదే కాదు కదరా" అంది.